నాగారం మిద్దెతోటలో నిమ్మ పసుపెక్కిన కేసు

మేడ్చల్ జిల్లా నాగారం వైపు ఒక రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద నలభై దాకా కుండీలు, సగానికి కోసిన నీలం డ్రమ్ములు, రెండు సిమెంటు తొట్లు. తోట వయసు ఐదేళ్లు. రిటైరైన టీచరమ్మ, ఆమె భర్త చూసుకుంటారు. నిమ్మ, నూరువరహాలు, మల్లె, హైబ్రిడ్ మందారం ఏడాదిగా పసుపెక్కుతున్నాయని, ఎరువు వేసేకొద్దీ ఇంకా పాలిపోతున్నాయని నన్ను పిలిచారు. ఫిబ్రవరి చివరి రోజులు. నిమ్మ కొత్త చిగురు వేస్తోంది. ఇలాంటి కేసు తేల్చడానికి ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి అదను ఉండదు.

"మొదట్ల ఆకు నల్లపచ్చగ నిగనిగలాడుతుండె తమ్మీ. ఇప్పుడు చిగురే తెల్లగ వస్తుంది. యూరియా ఏసిన, డీఏపీ ఏసిన, ఎప్సం ఏసిన. ఇగ పీకేద్దమంటున్నరు సారు" అన్నారు టీచరమ్మ.

సారు ఆ మాట అన్నా, ఆమె పీకనిచ్చేలా లేరు. ఆ నిమ్మ నకిరేకల్ దగ్గర వాళ్ల తమ్ముడి తోటలోని చెట్టుకు గూటీ కట్టి (కొమ్మ చెట్టు మీద ఉండగానే వేరు వేయించి) తెచ్చుకున్నది. నల్గొండ జిల్లాలో నిమ్మకాయల మార్కెట్టుకి పేరున్న ఊరు నకిరేకల్. అక్కడి తల్లిచెట్టు ఇప్పటికీ పచ్చగా ఉండి కాస్తోంది. అదే మొక్క, అదే రక్తం, ఇక్కడ మాత్రం ఇలా. చెట్టు జాతిలో లోపం లేదని ఆ ఒక్క సంగతితోనే సగం తేలింది.

ముందు చూసినవి

పసుపు ఆకు కనపడగానే చాలామంది అడిగేది "ఏం వేయాలి?" అని. నేను ముందు చూసేది ఏ ఆకు పసుపెక్కిందన్నదే. నత్రజని, మెగ్నీషియం తక్కువైతే మొక్క ముదురు ఆకుల్లోంచి వాటిని లాగి చిగురుకి పంపుకుంటుంది. అందుకే ఆ లోపాలు కింది ఆకుల్లో మొదలవుతాయి. ఇనుము అలా కాదు. ఒకసారి ఆకులో కుదురుకున్నాక కదలదు. వేరు నుంచి కొత్తగా రాకపోతే దెబ్బ నేరుగా చిగురు మీద పడుతుంది, ముదురు ఆకులు పచ్చగానే ఉండిపోతాయి.

ఈ నిమ్మలో కింది ఆకులు ఒక మోస్తరు పచ్చగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ పాలిపోయి, కొసన ఆకులు దాదాపు వెన్న రంగుకి తిరిగాయి. ఆ పాలిపోయిన ఆకులో ఈనెలు మాత్రం సన్నగా, పచ్చని వల పరిచినట్టు ఉన్నాయి. నూరువరహాలులో ఇదే ఇంకా ఎక్కువగా ఉంది. కొన్ని చిగుళ్లకి అంచులు మాడిపోయాయి. మల్లె ఆకుల్లోనూ అదే వల.

ఇలాంటప్పుడు వేరే అనుమానాలు తీర్చుకోకుండా ముందుకి పోకూడదు. నిమ్మజాతి మొక్కకి గ్రీనింగ్ తెగులు ఉంటే పసుపు మచ్చలు ఈనెల్ని లెక్కచేయకుండా అడ్డదిడ్డంగా పడతాయి. ఆకుని నడి ఈనె దగ్గర మడిస్తే రెండు సగాలూ ఒకేలా ఉండవు. పైగా మొదట్లో ఏదో ఒక కొమ్మకే కనిపిస్తుంది. ఇక్కడ రెండు సగాలూ ఒకటే, కొమ్మలన్నీ ఒకటే. మెగ్నీషియం లోపమైతే ముదురు ఆకు తొడిమ దగ్గర తిరగేసిన ఇంగ్లిషు వి ఆకారంలో పచ్చదనం మిగులుతుంది. అదీ లేదు. ఆకు అడుగున ఎర్రనల్లి జాడ లేదు. జింకు విషయంలో మాత్రం కొంచెం ఆగాను. నిమ్మ చిగుళ్లలో కొన్ని ఆకులు చిన్నవిగా, సన్నగా, కొస మొనదేలి ఉన్నాయి. అది జింకు లోపం ముఖం. నూరువరహాలులో మాత్రం ఆ లక్షణం కనిపించలేదు.

హైబ్రిడ్ మందారానికి పిండినల్లి కూడా పట్టింది, చీమలు దాన్ని మోస్తున్నాయి. అది వేరే రోగం. నీళ్ల పైపుతో గట్టిగా కడిగి, వేపనూనె కొట్టి, చీమలు ఎక్కకుండా చూడమని చెప్పి వదిలేశాను.

తర్వాత బాగున్న మొక్కలేవో చూశాను. రోగిష్టి మొక్కల చుట్టూ తిరిగి వచ్చేసేవాళ్లకి దొరకని ఆధారాలు ఇక్కడ దొరుకుతాయి. తోటకూర, గోంగూర, బచ్చలి, శంఖుపుష్పం, దేశవాళీ ముద్దమందారం అన్నీ బాగానే ఉన్నాయి. విచిత్రం కరివేపాకుది. అది నిమ్మ కుటుంబమే, అదే రోగం దానికీ రావాలి. అది నల్లపచ్చగా, గుబురుగా ఉంది.

"దానికి పుల్లమజ్జిగ పోస్తా గదా, అందుకే" అన్నారు టీచరమ్మ.

మరి నిమ్మకి పోయలేదా అంటే, దానికీ పోశారట. ఇంకెవరికో పడాల్సిన మార్కులు ఆమె మజ్జిగ కొట్టేసిందని అప్పుడే అనిపించింది. కరివేపాకు కుండీ చుట్టూ తిరిగి చూస్తే, మిద్దె మీద గదిలోని ఏసీ నీళ్ల గొట్టం కొస ఆ కుండీలోనే ఉంది. ఏసీ నీళ్లు గాలిలోని తేమ చల్లబడి కారినవి. ఉప్పు లేదు, సున్నం లేదు. తోటలో బోరు నీళ్లు తక్కువ తాగిన ఒకే ఒక్క సున్నితమైన మొక్క కరివేపాకు. పచ్చగా ఉన్నదీ అదే.

నీళ్ల లెక్క

నిమ్మ డ్రమ్ము అంచున, అడుగున, రంధ్రాల చుట్టూ తెల్లటి గట్టి పొర కట్టింది. గీజరు లోపల పట్టే పొర లాంటిదని వేరే చెప్పక్కర్లేదు, అది ఇదే. బోరు నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేటు, నీళ్లు ఆరిపోయాక సున్నంగా మిగిలిపోతుంది. ఆ పొర మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని పొంగింది. మట్టి మీద వేసినా పొంగింది. (ఈ పరీక్షకి చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి. బాత్రూం యాసిడ్ సీసా తెచ్చి అలాగే ఒంపే పని కాదు.)

నిమ్మకి ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాను. "ఆర్వో వేస్టు నీళ్లు. పారబోయబుద్ధి కాదు తమ్మీ, రోజూ బకెట్ నిండా వస్తయి." పొదుపుగా బతికే ఇళ్లన్నిట్లో ఇదే జరుగుతుంది. ఆ పొదుపుకి నేనూ దండం పెడతాను. కానీ ఆర్వో యంత్రం ఉప్పుని మాయం చేయదు, పక్కకి నెడుతుంది. వంద లీటర్ల బోరు నీళ్లలో మూడో వంతు తాగే నీళ్లుగా వస్తే, దాదాపు ఉప్పంతా మిగిలిన రెండు వంతుల్లోకి చేరుతుంది. అంటే వేస్టు నీళ్లు బోరు నీళ్లకన్నా ఒకటిన్నర రెట్లు చిక్కన. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి భేషుగ్గా పనికొస్తాయి. కుండీకి కాదు.

టీడీఎస్ మీటరు పెడితే బోరు నీళ్లు 960, వేస్టు నీళ్లు 1,430. అయితే టీడీఎస్ ఒక్కటి చూసి ఏమీ తేల్చలేం. అందులో మామూలు ఉప్పు ఎంతో, సున్నం తెచ్చే బైకార్బొనేటు ఎంతో అది చెప్పదు. దానికి చేపల తొట్లు అమ్మే షాపులో దొరికే, నీళ్ల క్షారత కొలిచే కేహెచ్ కిట్ చాలు. గొట్టంలో నీళ్లు పోసి ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. ఒక్కో చుక్కకి లీటరులో 17.9 మిల్లీగ్రాముల సున్నానికి సమానమైన క్షారత. బోరు నీళ్లకి 22 చుక్కలు పట్టింది, అంటే దాదాపు 394 మిల్లీగ్రాములు. వేస్టు నీళ్లకి 33 చుక్కలు, దాదాపు 590. కుండీ మొక్కలకి ఇది వంద, నూట యాభై లోపు ఉంటే నాకు నిశ్చింత.

ఆ టీచరమ్మ లెక్కల టీచరు. కాగితం తీసుకుని ఆమె ముందే గుణించాను. నిమ్మకి రోజుకి 5 లీటర్లు. లీటరుకి 590 మిల్లీగ్రాములంటే రోజుకి 3 గ్రాముల దాకా సున్నం. వాన రోజులు తీసేసి 300 రోజులు వేసుకున్నా ఏడాదికి 880 గ్రాములు. అడుగు నుంచి కారిపోయింది తీసేసినా, ఐదేళ్లలో ఆ డ్రమ్ములో కిలోల కొద్దీ సున్నం దిగింది. దానికి తోడు వారం వారం గుడ్డు పెంకుల పొడి, సంక్రాంతికి భోగిమంట బూడిద. రెండూ క్షారమే.

ఆర్వో శుద్ధి నీళ్లు పైనుంచి పోసి అడుగున కారినవి పట్టి చూస్తే పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8.3 వచ్చింది. అక్కడ ఉన్నది ఎర్రమట్టి. దాని ఎరుపుకి కారణమే ఇనుము. ఇనుములో కూర్చున్న మొక్క ఇనుము లేక పాలిపోతోంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే మట్టినీటిలో కరిగి ఉండే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. అడుగు రంధ్రాలు పూడుకుపోయి మట్టి ఎప్పుడూ తడిగా ఉండటం ఇంకో దెబ్బ. గాలి ఆడని తడిమట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక బైకార్బొనేటుని ఇంకా పెంచుతుంది.

అంతకుముందు వేసినవి ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. యూరియా చిగురుని తోసుకొచ్చింది, ఆ చిగురుకి ఇవ్వడానికి ఇనుము లేదు. డీఏపీలో, ఎముకల పొడిలో ఉన్న భాస్వరం ఇనుముని ఇంకా బిగించింది. ఎప్సం ఉప్పు ఇచ్చేది మెగ్నీషియం, ఇక్కడ కొరత దానిది కాదు. నర్సరీలో ఇచ్చిన మైక్రోన్యూట్రియంట్ పొడి మట్టిలో వేశారు. ప్యాకెట్టు వెనక చూస్తే ఇనుము ఈడీటీఏ రూపంలో ఉంది, అంటే ఇనుముని పట్టి ఉంచే ఒక రసాయనంతో కలిపి. పీహెచ్ ఆరున్నర దాటిన మట్టిలో ఈడీటీఏ ఇనుముని వదిలేసి కాల్షియంని పట్టుకుంటుంది. ఆకు మీద కొట్టి ఉంటే కొంత పనిచేసేది.

దారాలు కట్టిన ఆకులు

ఇంత చూశాక కూడా మందు మొదలుపెట్టలేదు. ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష ఉంది. ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మొక్కే జవాబు చెప్తుంది.

ఒకే చిగురులో, ఒకే వయసున్న నాలుగు పసుపు ఆకులు ఎంచుకోవాలి. ఒకదాని తొడిమకి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం, ఒకదానికి పసుపుదారం, ఇంకొకదానికి నల్లదారం. ఎర్రదారం ఆకుకి అన్నభేది, అంటే ఇనుము సల్ఫేటు, కలిపిన నీళ్లు (లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు అనే సిట్రిక్ యాసిడ్ 1 గ్రాము), తెల్లదారానికి జింకు సల్ఫేటు (లీటరుకి 2 గ్రాములు), పసుపుదారానికి ఎప్సం ఉప్పు (లీటరుకి 10 గ్రాములు), నల్లదారానికి ఉత్త నీళ్లు. అన్నీ ఆర్వో శుద్ధి నీళ్లలోనే కలపాలి. ఇయర్‌బడ్‌తో ఆకు కుడి సగానికి మాత్రమే, పైనా కిందా పూయాలి. ఎడమ సగం అలాగే ఉండాలి. ద్రావణం ఆకుకి అంటుకోవడానికి రెండు చుక్కల కుంకుడు రసం. సబ్బు క్షారం, ఇక్కడ వద్దు. పూసేది సాయంత్రం, ఎండ దిగాక. ఆకు లేతగా ఉండాలి. ముదిరి బిరుసెక్కిన ఆకు ఏదీ పీల్చుకోదు, పరీక్ష తప్పు చెప్తుంది. ఫిబ్రవరి చిగురు దొరకడం మంచిదయిందన్నది ఇందుకే.

నిమ్మ, నూరువరహాలు, మల్లె మూడింటికీ ఈ పని చేసి వారం ఆగాం. నూరువరహాలులో ఎర్రదారం ఆకు కుడి సగం మీద పచ్చచుక్కలు చల్లినట్టు లేచాయి. చుక్కలుగానే ఎందుకంటే, ఇనుము పడిన చోటే పనిచేస్తుంది, పక్కకి పాకదు. మిగతా మూడు ఆకుల్లో మార్పు లేదు. మల్లెలోనూ అంతే. నిమ్మలో ఎర్రదారం ఆకు బాగా పచ్చబడింది, తెల్లదారం ఆకులో కూడా కొద్దిగా మార్పు ఉంది. అంటే నిమ్మకి ఇనుముతో పాటు జింకు కూడా అందడం లేదు. పీహెచ్ పెరిగితే జింకుకీ అదే గతి, కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. సారు ఆ ఆకుని ఫోన్‌లో ఫొటో తీసి, పీకేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

వేసవి గట్టెక్కించడం

మట్టి మార్చాలన్నది తేలిపోయింది. కానీ మార్చి, ఏప్రిల్ ఎండల్లో నిమ్మ వేరు కదిలిస్తే మొక్క దక్కదు. మృగశిర దాకా దాన్ని ఆకుల ద్వారా బతికించాలి.

మొదట ఆపేసినవి: ఆర్వో వేస్టు నీళ్లు, బూడిద, గుడ్డు పెంకులు, డీఏపీ, ఎముకల పొడి. డ్రమ్ముని ఇటుకల మీదికి ఎత్తి, అడుగు రంధ్రాల్ని ఇనుప చువ్వతో పొడిచి తెరిచాం. నిలిచిన నీళ్లు కారడం మొదలైన తర్వాత, పైన రెండంగుళాల మట్టి ఆరితేనే నీళ్లు పోయాలన్నది నియమం. డ్రమ్ము పై మట్టి మీద ఎండాకులు కప్పాం.

ఆకు మీదికి పరీక్షలో వాడిన మోతాదే: లీటరు శుద్ధి నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. ముందు నిమ్మ ఉప్పు కరగాలి, తర్వాత అన్నభేది. షాపులో అన్నభేది లేతాకుపచ్చ పలుకులుగా ఉంటేనే తీసుకోవాలి. గోధుమరంగు పొడిగా మారిందంటే అది తుప్పు, ఆకు పీల్చుకోదు. కలిపిన నీళ్లు కూడా అంతే, ఉదయం కలిపి సాయంత్రం కొడదామంటే అప్పటికే ఎర్రబారుతాయి. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. పాలరాయి గట్టు మీద పడితే తుప్పు మరక ఇక పోదు. ఇది వాళ్లింట్లో మెట్ల మీద రుజువైంది. పది రోజులకోసారి కొడుతూ, కొత్త చిగురు పచ్చగా రావడం మొదలయ్యాక ఆపాం. నిమ్మకి మధ్యలో వేరే రోజున జింకు సల్ఫేటు లీటరుకి 2 గ్రాములు.

మట్టికి ఈడీడీహెచ్ఏ రూపంలో ఉన్న ఇనుము. అది పీహెచ్ 8 దాటిన మట్టిలోనూ ఇనుముని వదలకుండా పట్టుకుని వేరుకి అందించగలదు. ముదురు ఎరుపు పలుకులు, నీళ్లలో వేస్తే నేరేడు రసంలా దిగుతుంది. ధర ఈడీటీఏ కన్నా బాగా ఎక్కువ. డ్రమ్ముకి 3 గ్రాములు, 5 లీటర్ల నీళ్లలో కరిగించి, సాయంత్రం పోసి, పైన ఎండాకులు మళ్లీ కప్పేశాం. వెలుతురుకి ఇది చెడిపోతుంది. నూరువరహాలు కుండీకి ఒక గ్రాము సరిపోయింది.

మజ్జిగ, వెనిగర్, నిమ్మ ఉప్పు నీళ్లు పోస్తే పీహెచ్ తగ్గుతుంది కదా అని సారు అడిగారు. చాలామందికి ఉండే ప్రశ్న ఇది. తగ్గుతుంది, నిజమే. ఆ రోజుకి. ఇవి సేంద్రియ ఆమ్లాలు. మట్టిలో సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి, తినేశాక బైకార్బొనేటు మళ్లీ తిరిగొస్తుంది. నిమ్మ ఉప్పు అన్నభేదిని తుప్పు పట్టకుండా కాపాడటానికి బాగుంటుంది, మట్టిని బాగుచేయడానికి కాదు. మజ్జిగ పోయడం మానమని మాత్రం నేను చెప్పలేదు. కరివేపాకుకి దానివల్ల నష్టం లేదు, టీచరమ్మకి తృప్తి ఉంది. గంధకామ్లం లాంటివి వాడే రైతులున్నారు. మనవళ్లు తిరిగే మిద్దె మీద వాటి ఊసు ఎత్తను.

పాత పసుపు ఆకులు పూర్తిగా పచ్చబడవు. ఫలితం కొత్త చిగురులోనే చూసుకోవాలి. ఏప్రిల్ నాటికి మల్లె తేరుకుంది, కానీ ఆ ఏడు పూలు పలచగానే వచ్చాయి. నూరువరహాలు కొసలు మాడినవి కత్తిరించాక కొత్త కొమ్మలు వేసింది. నిమ్మ మే నెలలో వేసిన చిగురు లేతపచ్చ. నల్లపచ్చ ఇంకా కాదు.

మృగశిరలో మట్టి మార్పు

మట్టిలో గంధకం పొడి కలిపి పీహెచ్ దించవచ్చు కదా, డ్రమ్ము పెకలించడం ఎందుకు? దానికీ లెక్కే జవాబు. కిలో సున్నాన్ని విరచడానికి 320 గ్రాముల గంధకం కావాలి. డ్రమ్ములో రెండు కిలోల సున్నం మిగిలిందనుకున్నా 640 గ్రాములు. ఆ గంధకం ఆమ్లంగా మారడానికి సూక్ష్మజీవులకి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా రోజూ పోసే నీళ్లు కొత్త సున్నం తెస్తూనే ఉంటాయి. అంత గంధకం ఒక్క డ్రమ్ములో వేస్తే వేరు కూడా కాలుతుంది. పొలంలో అయితే మట్టిని మార్చలేం కాబట్టి ఇలాంటి తిప్పలు పడాలి. డ్రమ్ములో మార్చేయగలిగినప్పుడు మార్చేయడమే తేలిక.

మొదటి మంచి వాన పడి నాలుగు రోజులు ముసురు పట్టాక నిమ్మని దించాం. డ్రమ్ముకి పక్కన కోత పెట్టి తెరిస్తే వేర్లు గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అడుగున గుప్పెడు మందం నల్లటి, వాసన వేసే పొర. బయటి చుట్టలు, కుళ్లిన అడుగు కోసేసి, వేరు గడ్డలో మూడో వంతు తీసేశాం. అంతకన్నా తీస్తే నిమ్మ ఓర్చుకోదు. వేరు ఎంత తగ్గిందో పైన కొమ్మ కూడా దాదాపు అంత తగ్గించాం. ఎండు కొమ్మలు, లోపలికి పెరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి ముందు పోయాయి.

కొత్త మట్టికి యాసిడ్ చుక్క పరీక్ష చేయకుండా డ్రమ్ము నింపనివ్వలేదు. ట్రాక్టరులో వచ్చే "ఎర్రమట్టి" చాలాసార్లు పునాది తవ్విన అడుగుమట్టి, అందులో సున్నపు గులకలు ఉంటాయి. మొదట తెచ్చిన లోడు పొంగింది, వెనక్కి పంపేశారు. రెండోది పొంగలేదు. రెండు వంతులు ఆ మట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కడిగిన కొబ్బరిపొట్టు, కొంచెం వేపపిండి. ఈసారి పిడికెడు గంధకం కూడా కలిపాం. అది ఉన్న సున్నాన్ని విరచడానికి కాదు, రాబోయే సున్నానికి కాస్త అడ్డుగా.

మల్లె సిమెంటు తొట్టిలో ఉంది. సిమెంటు గోడ నుంచి కూడా సున్నం దిగుతుంది. దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చి, ఆ తొట్టిలో తోటకూర వేశారు. మరుసటి ఏడు సంక్రాంతి దాటాక కొన్నాళ్లు నీళ్లు ఆపి, మల్లెని అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, చిగురు రాగానే ఒకసారి అన్నభేది కొట్టాం. పూలు మాలకి సరిపడా వచ్చాయని కబురు పంపారు.

నీళ్ల సంగతి తేలకపోతే ఇదంతా మూడేళ్ల ముచ్చటే. మెట్ల గది కప్పు పది చదరపు మీటర్లు ఉంటుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 20 మిల్లీమీటర్ల వాన చాలు, ఒక 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. రెండు డ్రమ్ములు పెట్టించి, తొలి వానల దుమ్ము నీళ్లు బయటికి పోయేలా గొట్టానికి మూత ఏర్పాటు చేయించాను. డ్రమ్ము మూతికి పలచటి గుడ్డ బిగించి కట్టాలి. లేకపోతే మొక్క బాగుపడుతుంది, ఇంట్లో డెంగీ వస్తుంది. ఏసీ గొట్టం కరివేపాకు కుండీలోంచి తీసి బకెట్‌లో పెట్టారు. వాన నీళ్లు, బోరు నీళ్లు సగం సగం కలిపితే క్షారత 394 నుంచి రెండు వందల దగ్గరికి దిగుతుంది. అది నిమ్మకి సరిపెట్టుకోదగ్గ స్థాయి.

అంట్లు

టీచరమ్మ మొదటి రోజునే అడిగారు, ఇది పోతే ఎట్లా, ముందే ఒక గూటీ కట్టించు అని. ఒప్పుకోలేదు. పాలిపోయిన కొమ్మలో వేరు వేసే శక్తి ఉండదు. వేసినా ఆ పిల్లమొక్క పుట్టుకతోనే నీరసం. మరుసటి ఏడు ఆరుద్ర కార్తెలో, చెట్టు నల్లపచ్చకి తిరిగాక కట్టాం. పెన్సిలు కన్నా కొంచెం లావున్న, ముందు ఏడు వేసిన కొమ్మ తీసుకుని అంగుళం వెడల్పు బెరడు చుట్టూ వలిచాం. చాలామందికి ఇక్కడే గూటీ తప్పిపోతుంది. బెరడు తీశాక కింద జిగురు పొర ఉంటుంది, దాన్ని కత్తి వెనకవైపుతో చెక్క కనిపించేదాకా గీరేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలుసుకుపోతుంది, వేరు రాదు. పై అంచుకి వేళ్లూనే పొడి అద్ది, వాన నీళ్లలో నానబెట్టి పిండిన నాచు కట్టి, పాలిథిన్ చుట్టి రెండు కొసలూ బిగించాం. భాద్రపదానికి పాలిథిన్ లోంచి తెల్లటి వేర్లు కనిపించాయి. ఒకేసారి కోయకుండా ముందు సగం కోసి, వారం తర్వాత పూర్తిగా విడదీశాం.

అయితే గూటీ మొక్క సొంత వేరు మీద నిలబడుతుంది. ఇదే మిద్దె మీద, ఇదే నీళ్లతో పెంచితే అదీ ఎప్పుడో ఒకప్పుడు పసుపెక్కుతుంది. అందుకని ఒక గూటీని తిరిగి తమ్ముడి తోటకే పంపించాం. మిద్దె కోసం వేరే దారి పట్టాం. రంగపూర్ నిమ్మ వేరు సున్నాన్ని, ఉప్పు నీళ్లని మామూలు నిమ్మ కన్నా బాగా తట్టుకుంటుంది. బత్తాయి తోటల్లో దాన్నే వేరుమొక్కగా వాడతారు. తమ్ముడే రంగపూర్ నారు రెండు మొక్కలు తెచ్చిచ్చారు. కాండం పెన్సిలు మందానికి వచ్చి, బెరడు సులువుగా లేచే రోజుల్లో, మట్టికి ఆరంగుళాల పైన ఈ చెట్టు కన్ను తెచ్చి అంటుకట్టాం. రెండింటిలో ఒకటి అతుకుకుంది. అంటుకి కింద నుంచి వచ్చే ప్రతి చిగురునీ గిల్లేయాలని టీచరమ్మకి రెండుసార్లు చెప్పాను. వదిలేస్తే రంగపూర్ పైకెక్కి, నిమ్మ ఎండిపోయి, ఎప్పుడో నారింజ రంగు కాయలు కాస్తే గానీ సంగతి తెలియదు.

ఇప్పటికి పాత నిమ్మ కాస్తోంది, ముందంత గుబురు మాత్రం రాలేదు. నూరువరహాలు పూసింది. హైబ్రిడ్ మందారం మాత్రం కొత్త మట్టి వేసినా ప్రతి మార్చిలో కొద్దిగా పాలిపోతూనే ఉంది. దాన్ని తీసేసి, పక్కనున్న ముద్దమందారం కొమ్మలు ఆషాఢంలో ముక్కలు కోసి నాటుకోమన్నాను. టీచరమ్మకి ఆ హైబ్రిడ్ పువ్వు రంగు మీద మోజు, ఇంకా తీయలేదు.

ఏప్రిల్ మధ్యకల్లా వాన నీళ్ల డ్రమ్ములు అడుగంటుతాయి. నీళ్లు సగానికి దిగినప్పటి నుంచి నూరువరహాలుకి పూర్తిగా వాన నీళ్లే, నిమ్మకి సగం సగం, మల్లెకి ఏసీ నీళ్లు వచ్చినప్పుడు అవి, మందారానికి బోరు నీళ్లే. ఆకుకూరలన్నిటికీ బోరు నీళ్లు. ఆర్వో వేస్టు బకెట్ మిద్దె ఎక్కకుండా ఇల్లు తుడవడానికి కిందే ఉండిపోతుంది. నిమ్మ చిగురులో వల మళ్లీ కనబడితే, మట్టి జోలికి పోకుండా ముందు ఒక ఆకుకి ఎర్రదారం కట్టి, ఫొటో పంపమని చెప్పాను.